ఇటుక ముఖం వెనక ఏరీ ఇల్లు: కొనాలా వద్దా అని తేల్చిన ఒక కేసు

రమణ, శైలజ (పేర్లు మార్చాను) ఇంగ్లండులో వెస్ట్ యార్క్‌షైర్‌లో ఉంటారు. ఆయన సాఫ్ట్‌వేర్, ఆమె ప్రభుత్వ (ఎన్‌హెచ్‌ఎస్) ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్లుగా అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. మార్చిలో ఒక శనివారం రాత్రి రమణ నాకు వాట్సాప్‌లో ఒక ఇంటి ఫోటోలు పంపి, కింద ఒక్క ముక్క రాశాడు: "అన్నా, ఇది ఇంత చవగ్గా ఎందుకుంది?"

నేను బిల్డింగ్ సర్వేయర్‌ని. కాకినాడలో సివిల్ చదివి ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఆ రాత్రి అన్నం తింటూనే ఫోటోలు చూశాను. 1950ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు, అంటే మధ్య గోడ ఒక్కటే, అటూ ఇటూ చెరో కుటుంబం. మూడు పడగ్గదులు, వెనక వంద అడుగుల తోట, బయటికి కనిపించే మూడు వైపులా ఎర్ర ఇటుక. అడిగిన ధర 178,000 పౌండ్లు. అదే ఊళ్లో అంతే ఇటుక ఇల్లు 235,000కి పోతోంది. "లోపల వంటిల్లు పాతది, బాత్రూం పాతది, అందుకే తగ్గించారు. ఆఫర్ పెట్టుకో. లెవెల్ 2 సర్వే, అదే పైకి కనిపించేది మాత్రమే చూసేది, సరిపోతుంది" అని చెప్పేశాను.

ఆ మాట తప్పు. ఫోటోల్లో నాకు కనబడాల్సింది ఒకటి కనబడుతూనే ఉంది, నేనే చూడలేదు. దాని సంగతి కిందకి వస్తుంది.

ఆఫర్ ఒప్పుకున్నారు. మార్ట్‌గేజ్ ఇచ్చే సంస్థ తన తరఫున ఒక వాల్యుయర్‌ని పంపింది. పది రోజుల తర్వాత వచ్చిన కాగితంలో ఇంటి విలువ దగ్గర సున్నా ఉంది. కారణం రెండు వరుసలు: సంప్రదాయేతర నిర్మాణం, లోపభూయిష్ఠమని చట్టం గుర్తించిన రకం, ఆమోదిత మరమ్మతు జరిగినట్టు ఆధారం లేదు.

రమణ ఫోన్ చేసి, "అన్నా, ఇటుక ఇల్లుకి సున్నా ఏంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వీధి మ్యాపు తెరిచి ఆ వరుసలో మిగతా ఇళ్లు చూశాను. నాలుగిళ్ల అవతల ఒక జత ఇళ్లు ఇంకా పాత రూపంలోనే ఉన్నాయి. గోడ నిండా అడ్డంగా, ఒకదాని మీద ఒకటి చెక్కలు పేర్చినట్టు బూడిదరంగు పలకలు. అవి చెక్కలు కావు, కాంక్రీటు. ఏరీ ఇల్లు.

ఏరీ అంటే

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి బ్రిటన్‌లో ఇళ్లు కావాలి గానీ ఇటుకల్లేవు, తాపీమేస్త్రీలు లేరు. ఫ్యాక్టరీలో ముక్కలు పోతపోసి, లారీల్లో తెచ్చి, పెద్దగా పని రానివాళ్లతో నిలబెట్టే పద్ధతులు అప్పుడు డజన్ల కొద్దీ పుట్టాయి. లీడ్స్‌కి చెందిన కాంట్రాక్టరు సర్ ఎడ్విన్ ఏరీ తయారుచేసింది అందులో ఒకటి. సుమారు అడుగున్నర ఎడంలో సన్నని కాంక్రీటు స్తంభాలు నిలబెట్టి, వాటికి బయటివైపు కాంక్రీటు పలకలు రాగి తీగతో కట్టేవారు. స్తంభంలో చువ్వల బదులు ఇనప గొట్టాలు కూడా వాడారు. యుద్ధంలో వాడిన మిలటరీ బళ్ల తుక్కులోంచి తీసినవని చెప్పుకుంటారు. ఇలాంటివి ఇరవై వేలకు పైగా కట్టారు. ఎక్కువ భాగం కౌన్సిళ్ల, అంటే స్థానిక ప్రభుత్వాల అద్దె ఇళ్లే, పల్లెటూళ్లలో కూడా చాలా ఉన్నాయి.

ముప్పై ఏళ్ల పాటు వాటి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. 1980లో కౌన్సిల్ ఇళ్లలో అద్దెకుంటున్నవాళ్లు వాటినే రాయితీ ధరకి కొనుక్కోవచ్చని హౌసింగ్ యాక్ట్ వచ్చింది. జనం ఎగబడి కొనుక్కున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఏరీ ఇల్లు అగ్నిప్రమాదానికి గురైతే, తర్వాత పరిశీలించినప్పుడు స్తంభాల్లో నిలువు పగుళ్లు బయటపడ్డాయి. ప్రభుత్వ పరిశోధన సంస్థ బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఒక్కొక్క రకాన్నీ విప్పి చూడటం మొదలుపెట్టింది. 1984లో హౌసింగ్ డిఫెక్ట్స్ యాక్ట్ వచ్చింది. ఏరీ, కార్నిష్ యూనిట్ లాంటి ముందుపోత కాంక్రీటు రకాలు చాలా వాటిని లోపమున్న ఇళ్లుగా ప్రకటించారు. లోపం సంగతి బయటపడకముందే ప్రభుత్వ సంస్థ నుంచి కొన్నవాళ్లకి మరమ్మతు ఖర్చులో 90 శాతం గ్రాంటు ఇచ్చారు. మరమ్మతు గిట్టుబాటు కాని చోట, ఏ లోపమూ లేకపోతే పలికే ధరలో 95 శాతానికి ఇంటినే వెనక్కి తీసుకున్నారు.

ఆ గ్రాంటుతో పద్ధతి ప్రకారం బాగుచేసిన ఇల్లు ఈ రోజు కూడా మంచి ఇల్లే. స్తంభాలు తీసేసి, లేదా వాటి మీద బరువు పడకుండా చేసి, కొత్త పునాది మీద కొత్త గోడలు కట్టి, ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చి ఉంటారు. దాన్నే పీఆర్‌సీ (ముందుపోత కాంక్రీటు) సర్టిఫికెట్ అంటాం. అది చేతిలో ఉంటే చాలా బ్యాంకులు అప్పిస్తాయి.

కాబట్టి మా ముందున్న ప్రశ్న ఒక్కటే. ఈ ఇటుక ఎవరు కట్టారు, దేని మీద కట్టారు?

ఇంటి దగ్గర

ఎస్టేట్ ఏజెంటుని అడిగితే, "ఎప్పుడో బాగుచేయించారు, ఇటుక కనిపిస్తోంది కదా" అన్నాడు. ఇంటావిడకి ఎనభై దాటాయి. ఎప్పుడో కౌన్సిల్ దగ్గర అద్దెకుంటూ, ఎనభైల చివర్లో అదే ఇల్లు కొన్నారు. అప్పటికి గ్రాంటు గడువు దాటిపోయింది. భర్త బతికున్నప్పుడు తెలిసిన మేస్త్రీ చేత సొంత డబ్బుతో ఇటుక పని చేయించాడట. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇల్లు బాగుపడిందనే ముప్పై ఏళ్లకి పైగా నమ్ముతూ వచ్చింది. గోడకి రంధ్రం పెట్టడానికి అనుమతి అడిగితే, "దుమ్ము మాత్రం ఊడ్చి వెళ్లు నాయనా" అన్న ధోరణిలో ఒప్పుకుని, టీ పెట్టడానికి వెళ్లింది.

నేను ముందు బయటే నిలబడి చూశాను. పక్కింటి చూరు గోడ దాటి జానెడు బయటికుంది. ఈ ఇంటి చూరు దాదాపు గోడతో సమానంగా ఆగిపోయింది. నీటి గొట్టం ఇటుక ముఖానికి ఆనుకునే ఉంది. అంటే చూరు పొట్టి అయిపోలేదు, గోడే ముందుకొచ్చింది. కిటికీలు కూడా గోడ లోపలికి తోసినట్టు బాగా లోతుగా ఉన్నాయి. ఇవన్నీ ఫోటోల్లో ఉన్నాయి. ఇటుక రంగు చూసి సంబరపడ్డాను గానీ చూరు చూడలేదు. మా ఊళ్లో పాత పెంకుటింటి ముందు వసారా కలిపినప్పుడు చూరు ఎంత మిగిలిందో చూసి చెప్పేవాళ్లం ఎంత ముందుకి జరిపారో. ఆ పాటి తెలివి ఆ శనివారం రాత్రి పని చేయలేదు.

తర్వాత ఇటుక గోడ పాదం దగ్గర పూల మొక్కలు పక్కకి జరిపి చిన్న గుంట తీశాను. పునాది కోసం ఎక్కువ లోతు తవ్వాల్సిన అవసరమే రాలేదు. ఒక్క ఇటుక మందం గోడని, ఇంటి చుట్టూ నడవడానికి వేసిన పాత కాంక్రీటు బాట మీదే కట్టేశారు. కింద వేరే పునాది లేదు. బాట మూల దగ్గర కుంగి, ఆ మూలలోనే ఇటుకలో మెట్లు మెట్లుగా పగులు. దాన్ని ఎవరో సిమెంటుతో పూసి కప్పారు.

అటక మీదకెక్కితే మిగతాది తేలిపోయింది. పక్కగోడ పైభాగంలో ఉండే త్రికోణం లోపలి ముఖం మీద టార్చి వేస్తే, అడ్డ పలకల వీపులు వరసగా కనిపించాయి. ఒక పలకని స్తంభానికి కట్టిన రాగి తీగ అక్కడే ఉంది, పాత గుడి గంటలా పచ్చగా చిలుము పట్టి. ఆ పచ్చ తీగ చూశాక నాకిక సందేహం లేదు. ఏరీ ఇల్లు మొత్తం లోపల అలాగే ఉంది, దాని చుట్టూ ఇటుక చొక్కా తొడిగారు. స్తంభాలు తీయలేదు, పైకప్పు బరువు ఇంకా వాటి మీదే ఉంది.

అంతవరకూ అది ఇంటి రకం గురించి. ఆ స్తంభాలు ఏ స్థితిలో ఉన్నాయన్నది వేరే ప్రశ్న. మెట్ల కింద అలమారాలో లోపలి బోర్డు ఒక ముక్క తీసి ఒక స్తంభం పాదం బయటపెట్టాం. మరో ఐదు చోట్ల చిన్న రంధ్రం పెట్టి కెమెరా గొట్టం దూర్చి చూశాను. ఆరింట్లో మూడు స్తంభాలకి నిలువు పగుళ్లు. ఒకదాంట్లో పగులు అంచు వెంట తుప్పు మరక, టీ డికాషన్ కారి ఎండినట్టు.

అలమారాలోని స్తంభం అంచు నుంచి చిన్న పెచ్చు తీసి, తాజాగా విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లాను. ఇది చవకైన పరీక్ష, కానీ చాలా చెబుతుంది. కాంక్రీటులో సున్నపు గుణం బాగా ఉన్నంతకాలం ద్రావణం ముదురు గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ గుణమే లోపలి ఇనుముని తుప్పు పట్టకుండా కాపాడేది. గాల్లో ఉండే బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటు లోపలికి చేరుతూ ఆ గుణాన్ని చంపేస్తుంది. కొత్త కాంక్రీటులో పీహెచ్ 12 దాటి ఉంటుంది, అది 9 దరిదాపుకి పడిపోయిన చోట రంగు రాదు. ఈ ముక్కలో బయటినుంచి 22 మిల్లీమీటర్ల దాకా ఏ రంగూ లేదు. ఇనుము మీద కాంక్రీటు కవరు 15 మిల్లీమీటర్లు. అంటే ఇనుము రక్షణ కోల్పోయి చాలాకాలమైంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని చీలుస్తుంది. నిలువు పగులు దాని పనే.

ఆ సాయంత్రమే ఇల్లు కూలిపోతుందని కాదు. ఇది రమణకి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. ఇలాంటి ఇళ్లు హఠాత్తుగా కూలాయని ఆ చట్టం తేలేదు. లోపం ఆగదు, నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది, పైకి కనబడదు. ఇటుక చొక్కా తొడిగాక అసలే కనబడదు. నా దృష్టిలో పలకలు బయటికి కనిపించే పాత ఏరీ ఇల్లు దీనికంటే నిజాయితీగా ఉంటుంది.

చీరాల నుంచి

ఈ కేసులో నేను అనుకోని సాంకేతిక సలహాదారు రమణ వాళ్ల నాన్నగారు. చీరాల వైపు ముప్పై ఏళ్లు చిన్న కాంట్రాక్టరుగా ఇళ్లు కట్టారు. కొడుకు ఇల్లు చూశాడని తెలిసి మొదట్లో మహా సంతోషపడ్డారు. ఇంగ్లండులో చెక్క గోడలూ రేకుల గోడలూ ఉంటాయని ఎవరో చెప్పారట. ఫోటోలో ఎర్ర ఇటుక చూసి "ఇదీ ఇల్లంటే" అన్నారట.

వీడియో కాల్‌లో నేను అటక ఫోటోలు, స్తంభం ముక్క చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కవరు ఎంతుంది బాబూ?"

"పదిహేను, బాబాయి గారూ."

"మిల్లీమీటర్లా?"

"ఆఁ."

"అయితే ఇంకేముంది. మా సముద్రం ఒడ్డున ఎన్ని చూశాం. ఉప్పిసుక వేసి స్లాబు పోస్తారు, పదేళ్లకి పెచ్చులు ఊడతాయి, చువ్వ బయటపడుతుంది. అమ్మేముందు కింద ప్లాస్టరు పూసి, సున్నం కొట్టి, ఫ్యాను బిగిస్తారు. ఇదీ అదే గదా."

నేను రెండు పేజీల్లో రాసిందాన్ని ఆయన ఒక్క మాటలో తేల్చారు. కారణం మాత్రం వేరు. అక్కడ ఉప్పు, ఇక్కడ ప్రధానంగా గాలి. అయితే ఇక్కడ కూడా కొన్ని రకాల ముందుపోత ఇళ్లలో, చలికాలంలో కాంక్రీటు త్వరగా గట్టిపడాలని క్యాల్షియం క్లోరైడ్ కలిపారు, అదీ ఒక రకం ఉప్పే. అందుకే స్తంభం నుంచి డ్రిల్లు పొడి తీసి ల్యాబుకి పంపాను. ఈ ఇంట్లో క్లోరైడ్ సిమెంటు బరువులో 0.4 శాతం కంటే తక్కువే వచ్చింది. అంతవరకూ నయం.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. కాల్ చివర్లో పెద్దాయన, "బ్యాంకు ఇవ్వకపోతే పోనీ. అద్దంకి రోడ్డు మీద ఎకరం ఉంది, అమ్మి పంపుతా. నగదుకి బేరమాడి కొనండి, తర్వాత నిదానంగా బాగుచేయించుకోవచ్చు" అన్నారు. బేరం చేయగల శక్తి ఉన్నప్పుడు వద్దనడం కష్టం. ఇంగ్లిష్ కొనుగోలుదారుల్లో చాలామంది సున్నా వాల్యుయేషన్ దగ్గరే ఆగిపోతారు, వాళ్ల చేతిలో వేరే దారి ఉండదు. మనవాళ్లకి వెనక పొలం ఉంటుంది, ఫ్లాటు ఉంటుంది, అత్తగారి బంగారం ఉంటుంది. ఆ ధైర్యంతో ఇక్కడ బ్యాంకు కాదన్న ఇల్లు కొన్నవాళ్లని నేను కనీసం నలుగురిని చూశాను. అందులో ఇద్దరు ఇప్పుడు అమ్మలేక కూర్చున్నారు.

లెక్క

కాబట్టి లెక్క వేశాం, వాళ్ల డైనింగు టేబుల్ దగ్గర, పిల్లల హోంవర్క్ పుస్తకం వెనక.

పద్ధతి ప్రకారం ఈ సగం ఇంటికి మరమ్మతు చేయించడానికి ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర అంచనా తీసుకున్నాం. తక్కువది పన్నుతో కలిపి 82,000 పౌండ్లు. ఇటుక చొక్కా కూలగొట్టి పారేయాలి, కాబట్టి దాని ఖర్చు కూడా అందులోనే. ఇంజనీరు ఫీజు, ఆరు నెలలు వేరే చోట అద్దె కలిపితే 90,000 దాటింది. 178,000తో కలిపితే 268,000. ఆ ఊళ్లో అసలు సిసలు ఇటుక ఇల్లు 235,000.

అంటే బేరం ఎంతకి దిగితే సరి? 235,000లోంచి 90,000 తీస్తే 145,000. అటకలోనో, చూరు కిందనో ఆస్బెస్టాస్ బయటపడటం లాంటి తెలియని ఖర్చుకి ఇంకొంత తీయాలి. నేను 130,000 అన్నాను. అప్పుడైనా కొనచ్చని ఊరికే అనలేదు, ఆ ధరకి నిజంగా కొనదగ్గ ఇల్లే. తోట బాగుంది, బడి దగ్గర.

అయితే లెక్కలోకి రానిది ఒకటుంది, పక్కిల్లు. ఆ సగం ఇంకా సామాజిక గృహ సంస్థ చేతిలో అద్దెకి నడుస్తోంది, మరమ్మతు కాలేదు. మధ్య గోడలో స్తంభాలు ఇద్దరివీ. దాన్ని ముట్టుకోవాలంటే 1996 పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం కింద నోటీసు, వాళ్ల ఒప్పుదల, ఒప్పుకోకపోతే సర్వేయర్ల తీర్పు. ఇవన్నీ దాటి మన సగం బాగుచేసినా, అతుక్కుని ఉన్న సగం బాగుపడందే అప్పివ్వని సంస్థలున్నాయి. రమణ వాళ్లకి అప్పటికింకా శాశ్వత నివాస హక్కు రాలేదు, స్కిల్డ్ వర్కర్ వీసా మీదే ఉన్నారు. వీసా మీద ఉన్నవాళ్లకి అప్పిచ్చే సంస్థలే తక్కువ. అందులో ఇలాంటి ఇంటికి కూడా ఇచ్చేవాటిని వాళ్ల బ్రోకరు వెతికితే, రెండు జాబితాల్లోనూ ఉన్న పేరు ఒక్కటే తేలింది. వడ్డీ ఒక శాతం పైగా ఎక్కువ.

చీరాల డబ్బు సంగతి కూడా అనుకున్నంత తేలిక కాదు. ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ పెట్టిన పథకం) కింద ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ పంపచ్చు, పరిమితి సరిపోతుంది. కానీ పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ, ఆ డబ్బు కొన్ని నెలలు చేతికి అందదు. ఇక్కడ సొలిసిటరు పొలం అమ్మిన కాగితాల దగ్గర్నుంచి అన్నీ అడుగుతాడు, తెలుగులో ఉన్న దస్తావేజుకి అనువాదం కూడా.

శైలజ అంతసేపూ వింటూ, చివర్లో ఒక్కటే అడిగింది. "నాకు వారంలో మూడు నైట్లు. ఆయన నెలలో పది రోజులు లండన్. ఆరు నెలలు ఆ పని దగ్గర ఎవరు నిలబడతారన్నయ్యా?"

నా నివేదికలో ఆ ప్రశ్నకి గడి లేదు. ఉండాల్సింది. మేస్త్రీ పని దగ్గర యజమాని లేకపోతే ఏమవుతుందో ఆ ఇటుక గోడ కింద బాటే చెబుతోంది.

130,000కి ఆఫర్ మార్చి పంపారు. ఏజెంటు కాదన్నాడు. రమణ అంతటితో ఆగాడు, పెద్దాయన పొలం అమ్మలేదు. ఆ ఇంటికి ఆ తర్వాత ఏమైందో ల్యాండ్ రిజిస్ట్రీ అమ్మకపు ధరల్లో చూశాను, అవి ఎవరైనా చూడచ్చు. 141,000కి పోయింది. ఇప్పుడు అద్దెకిచ్చినట్టున్నారు. నా లెవెల్ 2 సలహాకి ప్రాయశ్చిత్తంగా రెండోసారి చేసిన పనికి ఫీజు తీసుకోలేదు. కానీ ల్యాబు ఖర్చూ వాల్యుయేషన్ ఫీజూ వాళ్లే భరించారు. అది నాకిప్పటికీ బాధే.

తర్వాతి ఇల్లు

ఈ అనుభవంతో వాళ్లు సంప్రదాయేతరం అన్న మాట వినబడితే పారిపోతారనుకున్నాను. నాలుగు నెలలకి రమణ మళ్లీ ఫోటోలు పంపాడు, ఈసారి కింద, "అన్నా, ఇది వింపీ నో-ఫైన్స్ అంటున్నారు. నిజమో కాదో ముందు చెప్పు" అని. ఆ "ముందు" నాకు నచ్చింది. ఇలాంటి ఇంటికి ముందు దాని రకం పేరు కావాలి. ధర, వంటిల్లు, తోట తర్వాత సంగతి. ఒకే వీధిలో రెండు రకాలు ఉంటాయి. ఒక రకానికి బ్యాంకు సున్నా వేస్తుంది, ఇంకోదానికి పెద్దగా అడగకుండానే ఇస్తుంది. సర్ ఫ్రెడరిక్ గిబ్బర్డ్ గీసిన బీఐఎస్‌ఎఫ్ (బ్రిటిష్ ఐరన్ అండ్ స్టీల్ ఫెడరేషన్) ఉక్కు చట్రం ఇళ్లు ఉన్నాయి, వాటి జబ్బు వేరు, అడుగున ఉక్కు స్తంభం పాదం తుప్పు చూడాలి. అవి 1984 చట్టం జాబితాలో లేవు. ఏరీ ఇంటికి చెప్పిన మాట వాటికి చెప్పకూడదు.

నో-ఫైన్స్ అంటే ఇసుక వేయని కాంక్రీటు. వింపీ సంస్థ ఈ పద్ధతిలో 3 లక్షలకు పైగా ఇళ్లు కట్టింది. కంకర మీద సిమెంటు పూత పట్టి, కంకరకీ కంకరకీ తగిలిన చోట మాత్రమే అతుక్కుని, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. మనవైపు వేరుశనగ అచ్చు విరిచి చూస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే. గోడ మొత్తం ఒకేసారి పోసిందే, స్తంభాల మీద నిలబడింది కాదు. కిటికీల పైన తప్ప ఇనుము పెద్దగా ఉండదు, కాబట్టి తుప్పు భయం తక్కువ. ఆ ఖాళీల వల్ల నీరు పైకి పాకదు, కిందకి జారిపోతుంది. దీని బాధలు వేరే: బయటి పూత పగిలితే నీరు లోపలికి దిగుతుంది, గోడ చల్లగా ఉండి చలికాలం మూలల్లో తేమ బూజు కడుతుంది.

ఈసారి వరస మార్చాం. సర్వేకి డబ్బు కట్టకముందే బ్రోకరు చేత అప్పిచ్చే సంస్థకి రకం పేరు రాసి పంపించి, ఒప్పుకుంటామని రాతపూర్వకంగా తెప్పించాం. ఇన్సూరెన్సు వాళ్లకీ అంతే. తర్వాతే నేను వెళ్లాను. మీటరు అలమారాలో చిన్న రంధ్రం పెట్టి టార్చి వేస్తే కంకర, ఖాళీలు, అనుమానానికి తావు లేకుండా కనిపించాయి. ఉత్తరపు గోడ పూత రెండు చోట్ల డొల్లగా మోగింది. పడగ్గది మూలలో బూజు. ఇవి చూపించి 212,000 నుంచి 205,000కి తెచ్చుకున్నారు, తగ్గిన డబ్బు ఉత్తరపు గోడకి బయటి నుంచి ఇన్సులేషన్ వేయించడానికి పక్కన పెట్టారు. మార్ట్‌గేజ్ మూడు వారాల్లో వచ్చింది.

పోయిన వేసవిలో పెద్దాయన ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. వచ్చిన రెండో రోజే దేవుడి అలమారా తానే బిగిస్తానని రమణ డ్రిల్లు తీసుకున్నారట. గోడకి పెట్టగానే బిట్టు కంకర మీద జారి పక్కకి పోయింది. రెండోసారి ఇంకో చోట పెడితే రంధ్రంలోంచి బఠాణీ గింజంత రాళ్లు జలజలా నేల మీద రాలాయి. ఆయన ఒక రాయి తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, నాకు వీడియో కాల్ చేశారు.

"ఇంజనీరు గారూ, ఇందులో ఇసకే వెయ్యలేదే!"

పొడుగు మరలూ రెసిన్ యాంకర్లూ కొనమని పేరు రాసి పంపాను.